పన్నెండింటికి తెరుచుకున్న పోర్టు

కువైట్‌లోని రుమైథియాలో నేను కారు నడిపే ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. డ్రైవరు గదిలోకి పనిమనిషి రాకూడదు, పనిమనుషుల గదుల వైపు డ్రైవరు పోకూడదు. ఎవరూ కాగితం మీద రాసి గోడకు అంటించలేదు గానీ ఆరేళ్ళుగా నేనూ, మా వంటక్కా ఆ గీత దాటలేదు. అందుకని మా ఇద్దరికీ ఉమ్మడిగా చెందిన చోటు ఏదైనా ఉందంటే అది పెరట్లో ఉన్న బయటి వంటగది. చేపల వాసన ఇంట్లోకి రాకుండా వేయించుకోవడానికి కట్టిన రేకుల గది అది. దాంట్లో ఒక పాత ఫ్రీజరు ఉంది. ఫ్రీజరు మీద కోడిగుడ్ల అట్టపెట్టె, అట్టపెట్టె మీద నా ల్యాప్‌టాప్. ఆ ఎండాకాలం ఐదు రోజులపాటు నా బతుకంతా ఆ ఫ్రీజరు చుట్టూనే తిరిగింది.

అక్కది అన్నమయ్య జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. నాకంటే పదేళ్ళు పెద్ద. నాది కోనసీమ. నేను మాట మాటకీ ‘అండి’ తగిలిస్తే ఆమెకు నవ్వు.

“ఏం అబ్బీ, పిల్లిని తరిమేటప్పుడు గూడా పోండి అంటావా?” అని ఏడిపించేది.

నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. “మీరు దేవుడికి దండం పెట్టుకున్నా తగువాడుతున్నట్టే ఉంటాదండి” అనేవాణ్ణి. ఈ ఇంట్లో ఆమె లేకపోతే నేను రెండో ఏడే మూటాముల్లే సర్దుకుని పోయేవాణ్ణి. ఆ మాట ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు.

అక్కకు పదిహేనేళ్ళ కూతురుంది. ఆ పిల్ల వెన్నెముక రెండేళ్ళుగా పక్కకు వంగుతూ వస్తోంది. అక్కడి డాక్టర్లు ఆపరేషన్ చేయాలన్నారు. రెండు వారాల తర్వాతి బుధవారం నాటికి వచ్చి చేరమన్నారు, వస్తారో రారో ఈ శుక్రవారంలోగా చెప్పమన్నారు. మొగుడు, అత్త, అందరూ అక్క మాట కోసం చూస్తున్నారు. వేల మైళ్ళ దూరంలో ఉన్నా ఆ ఇంట్లో ఆమె సరే అంటేనే ఏదైనా జరుగుతుంది. ఆమెకేమో ఆపరేషన్ పేరెత్తితే వణుకు. వాళ్ళ చిన్నమ్మకు నడుముకు కత్తి పెట్టాక కాళ్ళు పడిపోయాయట. చచ్చేదాకా మంచం దిగలేదట. రోజూ వీడియో కాల్‌లో “ఏం కాదులే పాపా, నడుముకు పట్టీ ఏసుకుంటే అదే సరిపోతాది” అంటుంది అక్క. ఆ పిల్ల ఊ అంటూ తల ఊపుతుంది.

మామా, అంటే మా యజమానురాలు, చెడ్డది కాదు. అక్క ముఖం చూసి ఏమిటని అడిగి తెలుసుకుంది. మామా తమ్ముడు ఎముకల డాక్టరు. శనివారం భోజనానికి వచ్చినప్పుడు అక్క తన ఫోన్లో ఉన్న స్కానింగు ఫొటోలు చూపించింది. ఆయన కళ్ళద్దాలు ఎత్తి, దించి, పెదవి విరిచాడు. ఫిల్మును కిటికీకి ఆనించి తీసిన ఫొటోలో ఏం కనిపిస్తుంది, అసలు ఫైళ్ళు తెప్పించు, చూసి చెబుతా అన్నాడు. అయితే గురువారం సాయంత్రం ఆరు దాటితే తాను ఇంట్లో ఉండనని, రెండు నెలలు సెలవు మీద పోతున్నానని కూడా అన్నాడు.

అక్క నావైపు తిరిగింది. నేను ఇక్కడికి రాకముందు అమలాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్లో పనిచేశాను. ఆ సంగతి అవసరం ఉన్నా లేకపోయినా అందరికీ చెప్పుకుంటాను. “ఇదెంత పనండీ, రేపు సాయంత్రానికల్లా తెప్పించేత్తాను” అన్నాను. ఆ ‘రేపు’ గురువారం దాకా సాగింది.

మా వాళ్ళకు ఊరి నుంచి ఏ వస్తువు రావాలన్నా ఒకటే పద్ధతి. ఎవరు వస్తున్నారో కనుక్కుని వాళ్ళ సంచీలో పెట్టించడం. పచ్చళ్ళూ మందులూ తాళిబొట్టూ అన్నీ అలాగే వస్తాయి. కానీ వాళ్ళ ఊళ్ళోంచి తర్వాత వచ్చే మనిషి ఇంకో ఇరవై రోజులకు గానీ రాడు. మూడు సీడీల్లో కలిపి రెండు జీబీల స్కానింగులు. నెట్‌లోకి ఎక్కించమంటే ఆ పిల్ల శనివారం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంది. అక్కడ పది నిమిషాలకోసారి నెట్ తెగిపోవడం, మొదటికి రావడం. నాలుగుసార్లు మొదటికి వచ్చాక “అన్నా, ఇది అయ్యేది గాదు” అంది ఫోన్లో. ఆ పిల్ల చేతిలో ఉన్నది వాళ్ళ టీచరమ్మ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, వాళ్ళ నాయన ఫోను నెట్టు. వెన్నుకు దిండ్లు పెట్టుకుని మంచం మీద వాలి చేస్తోంది పాపం.

అప్పుడు నాకు తెలిసిన ఒక ఉచిత ప్రోగ్రాం రెండు వైపులా పెట్టించాను. ఇక్కడి కంప్యూటర్లో ఒక ఫోల్డరు, అక్కడి కంప్యూటర్లో ఒక ఫోల్డరు. ఒకదాంట్లో ఏది వేస్తే రెండోదాంట్లో అదే కనిపిస్తుంది, ఒకదాంట్లో తీసేస్తే రెండోదాంట్లోంచీ పోతుంది. మధ్యలో ఎవరూ ఉండరు. ఫైలును ముక్కలు ముక్కలుగా పంపుతుంది. నెట్ తెగితే తెగిన ముక్క దగ్గర్నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. మా పనికి అచ్చంగా సరిపోయేది ఇదే. కాకపోతే రెండు వైపుల్లో ఒక వైపైనా తలుపు తెరిచి ఉండాలి. ఆ తలుపునే పోర్టు అంటారు. ఫోను నెట్టుతో నడిచే ఆ పిల్ల వైపు అది తెరవడం మన చేతిలో ఉండదు. తెరవాల్సింది నేనే. రెండు వైపులా మూసి ఉంటే, ఎక్కడో ఎవరో పుణ్యానికి పెట్టిన కంప్యూటర్ల మీదుగా చుట్టూ తిప్పి నత్తనడకన పంపుతుంది.

ఆదివారం సాయంత్రానికి ఒక శాతం వచ్చింది. లెక్క వేస్తే నెలన్నర తేలింది.

ముందు నా ల్యాప్‌టాప్‌నే అనుమానించాను. దాని ఫైర్‌వాల్ ఒక కాపలాదారు. లోపలికి వచ్చే ప్రతిదాన్నీ ఆపి ఎవరు నువ్వని అడుగుతుంది. ఈ ప్రోగ్రాంను రానివ్వమని నేను చెప్పానే గానీ, అది ఇంటి నెట్ అనుకోక బజారు నెట్ అనుకుంటోందని చూసుకోలేదు. అది సరిచేశాను. కదలిక లేదు. తర్వాత ల్యాప్‌టాప్ ఆపి వేసినప్పుడల్లా నా గదిలోని రౌటరు దానికి కొత్త నంబరు ఇస్తోందని కనిపెట్టాను. ఒకే నంబరు ఉండేటట్టు కట్టేశాను. అప్పుడు రౌటరులో పోర్టు తెరిచి, ఈ తలుపు తట్టగానే నా ల్యాప్‌టాప్‌కే పంపు అని రాశాను. బయటి నుంచి పరీక్షిస్తే ‘మూసి ఉంది’ అనే వస్తోంది. సోమవారం మధ్యాహ్నం ఆ రేకుల గదిలో, యాభై డిగ్రీల ఎండలో, నాకు నిజంగానే చుక్కలు కనిపించాయి.

“పోనీలే అబ్బీ, కాకపోతే కాలేదు” అంది అక్క, చేపలు కడుగుతూ.

“కాకపోవడం ఏంటండీ! తలుపు నా ఇంట్లో ఉంది, తాళం నా చేతిలో ఉంది. ఎలా తెరుచుకోదో నేనూ చూత్తాను” అన్నాను. గొంతు కాస్త లేచింది. ఆమె మీద కోపం కాదు. ఆమె ‘పోనీలే’ అన్నప్పుడు గొంతులో వినిపించిన తేలిక నాకు నచ్చలేదు. ఫైళ్ళు రాకపోతే ఆపరేషన్ వద్దనడానికి ఆమెకు ఒక సాకు దొరుకుతుంది. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

సోమవారం సాయంత్రం నా రౌటరు తన బయటి నంబరు అని చూపిస్తున్నదాన్ని మొదటిసారి సరిగ్గా చదివాను. చదవగానే నెత్తి కొట్టుకున్నాను. అది బయటి నంబరు కాదు, మేడ మీద ఉన్న పెద్ద రౌటరు ఇచ్చిన ఇంటి నంబరు. నా గది రౌటరు ఎప్పుడో శుక్రవారం సంతలో కొన్న పాతది. దానికి నెట్ వచ్చేది మేడ మీద నుంచి దించిన తీగలోంచే. అంటే రెండు రోజులుగా నేను తెరిచి పెట్టుకుని కూర్చున్నది నా గది తలుపు. వీధి గేటు మాత్రం మూసే ఉంది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రెండో రౌటరు సంగతి నాకు ఆదివారమే తట్టి ఉండాల్సింది. తట్టకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, భయం. అంతకు ముందు ఏడాది నెట్ మెల్లగా వస్తోందని నేను పై రౌటరును ఎవరికీ చెప్పకుండా వెనక బొత్తాం నొక్కి మొదటి స్థితికి తెచ్చాను. ఇంటి కెమెరాలన్నీ పడిపోయాయి. బాబా, అంటే ఇంటి యజమాని, ఎక్కడున్నా ఫోన్లో ఆ కెమెరాలు చూసుకునే మనిషి. రెండు రోజులు ఇల్లంతా అతలాకుతలం. ఆ తర్వాత ఆ రౌటరు వైపు చూడొద్దని నాకు గట్టిగా చెప్పారు. కాబట్టి అడగకుండా అయ్యే పనులన్నీ ముందు చేసుకుంటూ పోయాను. వాటికే రెండు రోజులు ఖర్చయ్యాయి. మొండితనం అని నేను మురిసిపోయినదాంట్లో సగం పిరికితనమే.

ఇంట్లో నెట్ వ్యవహారాలన్నీ మామా పెద్ద కూతురు చూస్తుంది. ఆమెను రోజూ ఆఫీసులో దించేది నేనే. డ్రైవరు ఏదైనా అడగాలంటే వేళా స్థలమూ ఉంటాయి. ఎర్ర దీపం దగ్గర బండి ఆగినప్పుడు, ముందు అద్దంలో ఆమె ఫోను పక్కన పెట్టినట్టు కనిపించినప్పుడు అడగాలి. మంగళవారం పొద్దున మూడో సిగ్నలు దగ్గర అడిగాను. నాకు వచ్చిన ఇంగ్లీషులో, చేతనైన అరబ్బీలో, అక్క కూతురి వెన్ను సంగతి, గురువారం గడువు, రెండు రౌటర్లు, అన్నీ చెప్పాను. పచ్చ దీపం పడి వెనక బళ్ళు హారన్లు మోగించేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆమె వెనక సీట్లోంచి, “ఇది ఆదివారమే ఎందుకు అడగలేదు?” అంది.

నేను బండి ముందుకు పోనిచ్చాను.

ఒక షరతు పెట్టింది. పై రౌటరులో తాను పోర్టు తెరుస్తుంది. నా రౌటరులో మాత్రం అది రోజంతా తెరిచి ఉండకూడదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా పడుకునే వేళ, రెండున్నర నుంచి నాలుగున్నర వరకు మాత్రమే తెరుచుకుని, దానంతట అదే మూసుకునేలా పెట్టాలి. పని కాగానే తీసేయాలి. “నీ మాట మీద చేస్తున్నాను” అంది. ఆ మాట నాకు చాలా బరువుగా అనిపించింది.

రెండు గంటలకు ఆమె ఇంటికి రాగానే తన వంతు చేసింది. నేను పరుగున వెళ్ళి నా రౌటరులో వేళలు రాశాను. రెండున్నరయింది. నేనూ అక్కా ఫ్రీజరు ముందు నిలబడ్డాం. అక్కడ ఆ పిల్ల సిద్ధంగా ఉంది. శాతం కదల్లేదు. మూడయింది, మూడున్నరయింది. రాసినదంతా చెరిపి మళ్ళీ రాశాను. తీగ పీకి పెట్టాను. నాలుగున్నరకు ఆ ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్ళి గోడకేసి కొట్టాలనిపించింది. అక్క నా ముందు ఒక గ్లాసు లబన్ పెట్టి లోపలికి పోయింది. లబన్ అంటే ఇక్కడి మజ్జిగ. ఆమె జాలి పడిందని ఇంకా ఉడుకుమోత్తనం వచ్చింది నాకు.

బుధవారం పొద్దున ఆరు శాతం దగ్గర ఉంది. ల్యాప్‌టాప్‌ను అలాగే వదిలి, పావు తక్కువ పన్నెండుకు ఆ ఇంటి పిల్లల్ని బడి నుంచి తేవడానికి పోయాను. రెండు స్కూళ్ళు, ముగ్గురు పిల్లలు. తిరిగొచ్చేసరికి రెండు దాటింది. వచ్చి చూస్తే యాభై ఎనిమిది.

నా కళ్ళు నేనే నమ్మలేదు. ఆ పిల్లకు ఫోన్ చేశాను. “ఏం చేశావమ్మా?”

“ఏం చేయలా అన్నా. దాన్ని పెట్టేసి, అన్నం తిని పండుకున్నా.”

సంబరపడి రెండున్నర కోసం కూర్చున్నాను. రెండున్నరకు మళ్ళీ మామూలే, కదలిక లేదు. తెరవమన్నప్పుడు మూసుకుంటుంది, ఎవరూ లేనప్పుడు తెరుచుకుంటుంది. అక్క అయితే “ఆ మిషన్‌కు నిన్ను చూస్తే సిగ్గేమో” అంది. మూడుంబావు దాటాక, ఇంకేం తోచక, రౌటరు తన పనుల గురించి రాసుకునే చిట్టా తెరిచాను. అందులో ఈ రోజు పోర్టు తెరిచిన వేళ, మూసిన వేళ ఉన్నాయి. పద్నాలుగున్నరకు తెరిచాను, పదహారున్నరకు మూశాను అని రాసుకుంది. సరిగ్గా నేను చెప్పిన వేళలే. చేతి గడియారం చూసుకున్నాను. మూడూ ఇరవై. నాలుగున్నర కావడానికి ఇంకా గంటకు పైన ఉంది, అదేమో అప్పుడే మూసేశానంటోంది.

తల పైకెత్తాను. ఫ్రీజరు పైన గోడ మీద అక్క గడియారం ఉంది. ఆరు కావడానికి పది నిమిషాలు చూపిస్తోంది.

ఆ గడియారం ఎప్పుడూ ఇండియా టైమే చూపిస్తుంది. కువైట్‌లో మా వాళ్ళు ఉండే ఏ గదికి వెళ్ళినా గోడ మీద గడియారం అంతే. చేతికి కువైట్, గోడకు ఇండియా. పాప బడికి పోయే వేళ, అత్త మందు వేసుకునే వేళ అక్క దాన్ని చూసే చెబుతుంది. అందరం అలవాటుగా రెండున్నర గంటలు తీసేసి చదువుకుంటాం. మూడేళ్ళ కిందట ఈ రౌటరు కొని, ఇదే ఫ్రీజరు మీద పెట్టి మొదటిసారి నడిపినప్పుడు, ఏ దేశపు టైము అని అది అడిగింది. నేను తల పైకెత్తి, గోడ చూసి, ఇండియా అని నొక్కాను. ఆలోచించి కూడా నొక్కలేదు. మూడేళ్ళుగా ఆ రౌటరు రుమైథియాలో ఉంటూ రాయచోటి టైములో బతుకుతోంది. దాని రెండున్నర మన పన్నెండు. అది నేను బడి గేటు ముందు ఎండలో నిలబడి ఉండే వేళ.

నేను గట్టిగా నవ్వేశాను. అక్క లోపలి నుంచి పరిగెత్తుకొచ్చింది. చెబితే గడియారం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “సెల్లు అంగట్లో పని చేసినా, పని చేసినా అంటివే, ఇదేనా అబ్బీ నువ్వు నేర్చింది?” అని ఆగకుండా నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఉన్నపళంగా టైము మార్చి మిగతాది లాగేద్దామని ఫోన్ చేస్తే, ఆ పిల్ల, “కరెంటు పోయిందన్నా. ఈ పొద్దుకు ఇచ్చిన నెట్ గూడా అయిపాయ. ఇంగ రేపే” అంది. రేపంటే గురువారం. నేను కూర్చుని లెక్క వేశాను. టైము సరిచేస్తే తలుపు రెండున్నరకు తెరుచుకుంటుంది. నలభై రెండు శాతం రావడానికి దగ్గర దగ్గర రెండు గంటలు కావాలి. నాలుగున్నరకు అయిపోయినా, డాక్టరు ఇల్లు చేరేసరికి ఆయన సూట్‌కేసులు బండికి ఎక్కుతుంటాయి. తప్పు టైమునే ఉంచితే పన్నెండింటికే తెరుచుకుంటుంది. ఉంచేశాను.

కానీ దొంగచాటుగా ఉంచలేదు. గురువారం పొద్దున అదే మూడో సిగ్నలు దగ్గర పెద్దమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. నేనిచ్చిన మాట తప్పిందనీ, నిన్న మధ్యాహ్నం పన్నెండింటి నుంచి రెండింటి వరకు తలుపు తెరిచే ఉందనీ, ఈ రోజు కూడా అలాగే ఉండనివ్వమనీ. ఆమె అద్దంలోంచి నన్ను చూసి ఫక్కున నవ్వింది. “నీ రౌటరుకు కూడా ఇంటి మీద బెంగ పట్టుకుందా?” అంది. తర్వాత, “పన్నెండుకే కానీ. ఈసారి ముందే చెప్పావు కదా” అంది.

ఆ రోజు నేను బడికి పోక తప్పదు కాబట్టి ల్యాప్‌టాప్ కాపలా అక్కది. ఆమెకు చదువు రాదు గానీ అంకెలు వస్తాయి. ఒక పొయ్యి మీద మచ్‌బూస్ అన్నం, ఇంకో పొయ్యి మీద చేపలు, మధ్యలో నాకు ఫోన్లు. “అరవై తొమ్మిది అబ్బీ.” “ఎనభై.” “తొంబై నాలుగు, పోతాంది, బాగ పోతాంది.” బడి గేటు ముందు మిగతా డ్రైవర్లు నన్ను చూసి క్రికెట్ స్కోరు అనుకున్నారు. ఒకటీ ఇరవైకి గొంతు మారింది. “తొంబై తొమ్మిది కాడ ఆగిపాయ. కదల్లా.”

తిరిగొచ్చేసరికి రెండు కావడానికి తొమ్మిది నిమిషాలుంది. పిల్లల్ని దించి నేరుగా పెరట్లోకి పరిగెత్తాను. అక్క గరిటె చేత్తో పట్టుకుని తెర వైపే చూస్తూ నిలబడి ఉంది. స్కానింగులు మూడూ పూర్తిగా వచ్చేశాయి. ఆగింది వేరే ఫైలు. సీడీల్లో లేనిది, ఆ రోజే వేసినది. పేరు తెలుగులో ఉంది. ‘అమ్మకు’.

అంతలో ఆ పిల్ల వైపు నెట్ తిరిగొచ్చినట్టుంది. రెండు కావడానికి మూడు నిమిషాలుండగా అది కూడా వచ్చింది. రెండింటికి పోర్టు మూసుకుంది.

“అదేంది?” అంది అక్క.

“మీకేనండి. గొంతు రికార్డు చేసినట్టుంది. నేను బయటుంటాను.”

“నువ్వూ ఉండు. మల్లా ఆగిపోతే నాకు తెలీదు.”

నొక్కాను. ఫ్యాను చప్పుడు, ఎక్కడో కోడి కూత, తర్వాత ఆ పిల్ల గొంతు. గుసగుసగా.

“అమ్మా, నాయన ఫోన్లో చెప్తే అందరూ ఇంటారని దీంట్లో చెప్తాండా. నాకు ఆపరేషన్ కావాల మా. పట్టీ ఏసుకుంటే సరిపోతాదని నువ్వు అంటాండావు, నేను ఊ అంటాండా. సరిపోవడంల్యా. రాత్రి పక్కకు తిరగాలంటే అవ్వను లేపాల. పరీచ్చ నిలబడుకోని రాసినా, నీకు చెప్పలా. కాళ్ళు పోతాయని నీకు బయం. నాకూ బయమే. అయినా చేయించుకుంటా. డాక్టరు ఏం చెప్పినా నువ్వు సరే అను. నువ్వొస్తే బాగుంటాది. రాకున్నా సరే అను మా.”

అక్క గరిటెను ఫ్రీజరు మీద పెట్టింది. ఏడవలేదు. “ఇంగోసారి పెట్టు” అంది. పెట్టాను. “ఇంగోసారి” అంది. మూడోసారి వింటున్నప్పుడు నాకే కళ్ళు నిండిపోయి బయటికి వచ్చేశాను.

స్కానింగులు పెన్‌డ్రైవులోకి ఎక్కించాను. నాలుగింటికి మామానూ అక్కనూ బండెక్కించి డాక్టరు ఇంటికి తీసుకెళ్ళాను. గుమ్మంలో సూట్‌కేసులు ఉన్నాయి. ఆయన నిలబడే చూడటం మొదలుపెట్టి, తర్వాత కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు చూశాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది నేను తెలుగులో చెప్పాను. అక్కడి డాక్టర్లు చెప్పింది సరైనదే. పట్టీతో ఇంకో ఆరు నెలలు లాగొచ్చు, కానీ వంకర పెరుగుతుంది. కాళ్ళకు ప్రమాదం లేదని ప్రమాణం చేయలేడు, చాలా తక్కువ అని మాత్రం చెప్పగలడు. రెండు దారులూ ఉన్నాయి, నిర్ణయం తల్లిదే.

వారం కిందటైతే అక్క ఆ ‘ఆరు నెలలు’ అన్న మాట పట్టుకుని ఇంటికి వచ్చేసేది. ఇప్పుడు ఒకే ఒక్కటి అడగమంది. “ఆపరేషన్ అయినాక పాప తనంతకు తాను పక్కకు తిరిగి పండుకుంటాదా, అడుగబ్బీ.”

అడిగాను. కొన్ని వారాలు కష్టం, తర్వాత తిరుగుతుంది అన్నాడాయన.

“అయితే చేపిస్తా” అంది అక్క. ఆ వెంటనే, నన్ను చూడకుండా, నా మధ్యవర్తిత్వం అక్కర్లేకుండా, తనకు తెలిసిన వంటింటి అరబ్బీలో మామాతో నేరుగా చెప్పింది. “మామా, అనా లాజిమ్ రూహ్.” నేను పోక తప్పదు అని. పోవచ్చా అని అడగలేదు. ఒక రౌటరు సంగతి అడగడానికి రెండు రోజులు వెనకాడిన నేను ఆ పక్కనే నిలబడి ఉన్నాను. సిగ్గేసింది. ఆమెను చూసి గర్వంగా కూడా అనిపించింది.

వేసవి, ఇంటినిండా చుట్టాలు వచ్చే కాలం. “తిరిగి వస్తావా?” అంది మామా.

“పాప నడిచినాక వస్తా.”

నేను దాన్ని అరబ్బీలో చెప్పాను. “ఖలాస్” అంది మామా, ఇక సరే అన్నట్టు. “రేపు పాస్‌పోర్టు ఇస్తాను.”

ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి మొగుడికీ అత్తకూ చెప్పేసింది అక్క. అయినా శుక్రవారం పన్నెండు కాకముందే ఫ్రీజరు దగ్గరికి వచ్చి నిలబడింది. తానూ ఒకటి చెప్పి ఆ ఫోల్డరులో వేయాలట, పాప ఒక్కటే వినేటట్టు. పెద్దమ్మాయిని అడిగి ఆ ఒక్క రోజు పోర్టును ఉండనిచ్చాను. అక్క వంగి, ల్యాప్‌టాప్ చెవిటిదైనట్టు గట్టిగా, “సరే పాపా. నేనొస్తాండా” అంది. అంతే. ఇంకేమైనా చెప్పమన్నాను. “అది అడిగింది రెండే గదా” అంది.

పన్నెండింటికి పోర్టు తెరుచుకుంది. ఆ చిన్న ఫైలు వెళ్ళిపోవడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. మేమిద్దరం తెర చూస్తూ నిలబడ్డాం. ఐదారు నిమిషాల తర్వాత మా ఫోల్డరులోంచి ‘అమ్మకు’ అనే ఫైలు మాయమైంది. ఆ పిల్ల విని, ఇంకెవరి కంటా పడకుండా తన రికార్డును అక్కడ తుడిచేసింది. అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. వేరే కాపీ చేసి పెట్టాలని నాకు తట్టలేదు. నా ప్రాణం ఉసూరుమంది.

“ఏమాయ?” అంది అక్క.

“పాప గొంతు పోయిందండి. నా తప్పే. ముందే వేరే చోట దాయాల్సింది.”

ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుని, గోడ మీద గడియారం దించి, నూనె మరకలు తుడిచి, తన సంచీలో పెట్టుకుంది.

“పోనీలే అబ్బీ” అంది. “నాకు మొత్తం నోటికొచ్చు.”